మా ఊరి పక్కన సున్నా

మా అన్నయ్య మనవరాలు మనీషా పోయిన నెల ముంబైలో ఒక పెట్టుబడి సంస్థలో చేరింది. క్యాన్సర్ మందులు తయారుచేసే కంపెనీలను పరిశీలించే విభాగం. నేను ముప్పై ఏళ్ళు చేసి మానుకున్న పని అదే. వెళ్ళే ముందురోజు ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ శివారు మోప్కాలో మా ఇంటికి వచ్చి, చిట్టి దాదీ, టిప్స్ ఏమైనా ఇవ్వు అని అడిగింది. వేళకు తిను, ఫోన్ చేస్తూ ఉండు అని చెప్పి పంపించేశాను.

చెప్పవలసింది ఇప్పుడు రాస్తున్నాను. మనీషా తెలుగు చదవాలంటే అక్షరాల కింద వేలు పెట్టుకోవాలి. మా బిలాస్‌పూర్ తెలుగు పిల్లలందరూ అంతే, మాట వస్తుంది గాని రాత రాదు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఆ ఆఫీసుల్లో అందరూ ప్రతిదీ గబగబా చదివేస్తారు, నేను చదివినట్టే. ఇదొక్కటైనా అది వేలు పెట్టుకుని చదవాలని నా కోరిక.

ప్రమోషన్ల గురించీ విదేశీ ప్రయాణాల గురించీ చెప్పడానికి అక్కడ చాలామంది ఉంటారు. నేను ఒక మందు గురించి, ఒక సున్నా గురించి, మా వదిన గురించి చెబుతాను.

మేము తూకం వేసినవి

మా సంస్థ జనం డబ్బు తెచ్చి కంపెనీల్లో పెట్టేది. ఏ క్యాన్సర్ మందు మీద పెట్టాలి, దేని మీద పెట్టకూడదు అని ఆరు పేజీల నోట్ రాసి ఇవ్వడం నా పని. మొదటి పేజీ పైన ఒక అంకె ఉండేది. ఆ కంపెనీ షేరు ఏడాదిలో ఎంతకు చేరుతుందని మా అంచనా. దాన్ని టార్గెట్ అనేవాళ్ళం.

మందుకూ ఒక టార్గెట్ ఉంటుంది. పాతకాలపు క్యాన్సర్ మందు మంచీ చెడూ చూడకుండా ఒంట్లో పెరిగే ప్రతి కణాన్నీ కొడుతుంది. కొత్తవి అలా కాదు. క్యాన్సర్ కణంలో చెడిపోయిన ఒక భాగాన్ని గుర్తుపట్టి, దాన్నే పట్టుకుంటాయి. ఆ భాగమే టార్గెట్. అది ఉన్నవాళ్ళకే ఆ మందు పనిచేస్తుంది. ఉందో లేదో తెలియాలంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ఈ పరీక్ష సంగతి గుర్తుపెట్టుకోవాలి, తర్వాతి కథంతా దాని మీదే నడుస్తుంది.

ఈ మందుల్లో రకాలున్నాయి. ఒకటి మాత్ర. రోజూ ఇంట్లో వేసుకునేది, పనిచేసినన్నాళ్ళూ మానకూడనిది. పెట్టుబడిదారుకు ఇదంటే ప్రాణం. రోగి బతికినన్నాళ్ళు కొంటూనే ఉంటాడు. కాకపోతే పేటెంటు గడువు తీరిన మర్నాడే పదిమంది దాన్ని కాపీ కొడతారు. రెండోది సూది మందు, కణం పైనున్న గుర్తును పట్టుకునే రకం. అందులోనే విషాన్ని మోసుకుపోయి సరిగ్గా ఆ కణం దగ్గరే దింపేవి కూడా వచ్చాయి. వీటిని తయారుచెయ్యడం కష్టం, కాపీ కొట్టడం ఇంకా కష్టం. అందుకే ఇవంటే మా వాళ్ళకు ఇంకా ముద్దు. మూడోది, రోగి రక్తంలోని కణాలనే బయటకు తీసి, మార్చి, మళ్ళీ ఎక్కించడం. ఒక్కసారి చేస్తే చాలు. కొందరికి జబ్బు మళ్ళీ రానే రాదు. దీని మీద మొదట్లో అందరూ ఎగబడ్డారు, తర్వాత మొహం చాటేశారు. ఎందుకని అడిగితే మా బాస్ దస్తూర్ గారు నవ్వి, ఒక్కసారే కొనేవాణ్ణి కస్టమర్ అనరు అన్నారు.

దస్తూర్ గారు దుర్మార్గుడు కాదు. నాకు పని నేర్పిన మనిషి. నా ఇంగ్లీషు చూసి ఎవరూ నవ్వకుండా మొదటి ఏడాదంతా నా నోట్లు తనే దిద్దేవారు. ఆయన అన్నది నిజం కూడా. నాకు కోపం ఆయన మీద కాదు. ఆ మాటకు నేనూ నవ్వాను, అదీ నా బాధ.

ఈ పనిలో మంచి లేదని అనను. నేను రాసిన మొదటి నోట్ రక్త క్యాన్సర్ మాత్రకు చవక కాపీ తయారుచేసే కంపెనీ మీద. అదే మాత్ర మా పాత రైల్వే క్వార్టర్ పక్కింటి టీటీఈ గారు వాడేవారు. ఆయన ఇప్పటికీ మా ఊరి దగ్గరే తఖత్‌పూర్‌లో కూతురి ఇంట్లో ఉండి రోజూ పొద్దున్నే నడకకు వెళుతున్నారు. ఆయన్ని చూసే చాలా ఏళ్ళు నా పని మీద నాకు నమ్మకం నిలబడింది. ఒక్క మనిషిని చూసుకుని ముప్పై ఏళ్ళు గర్వపడ్డాను.

రెండు గీతలు

ఏడాదికోసారి పెద్ద హోటల్లో సమావేశం జరిగేది. కంపెనీల వాళ్ళు తమ ప్రయోగాల ఫలితాలు తెర మీద చూపించేవారు. ఒక పటం మీద రెండు గీతలు. ఒకటి కొత్త మందు తీసుకున్నవాళ్ళది, రెండోది తీసుకోనివాళ్ళది. రెండూ పైన ఒకే చోట మొదలై మెట్లు మెట్లుగా కిందికి దిగుతాయి. కింది గీత తొందరగా దిగిపోయి, రెంటి మధ్యా ఎంత ఎడం వస్తే ఆ మందు అంత గొప్పది.

ఒక ఏడాది ఆ ఎడం చాలా పెద్దగా వచ్చింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. షేరు ఎంతకు పోతుందో లెక్క వేసుకుంటూ కొట్టాను. ఆ గీతలో ప్రతి మెట్టూ ఒక మనిషి చనిపోవడమని నాకు తెలియక కాదు. తెలుసు. పరీక్షలో అడిగితే మొదటి మార్కు నాకే వచ్చేది. తెలిసినా చేతులు ఆగలేదు.

మనీషా, నిన్నూ ఆ హాల్లో కూర్చోబెడతారు. చప్పట్లు కొట్టవద్దని నేను చెప్పను, నీ ఉద్యోగం నీది. కింది గీతను మాత్రం ఒకసారి వేలు పెట్టి చివరిదాకా చూడు.

సున్నా

హైదరాబాదు నుంచి శ్రీధర్ గారని ఒక శాస్త్రవేత్త వచ్చారు. చిన్న ల్యాబ్, పదిమంది కూడా లేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చాలా కొద్దిమందికి మాత్రమే ఉండే ఒక టార్గెట్ మీద మాత్ర తయారు చేస్తున్నారు. జంతువుల మీద బాగా పనిచేసింది. మనుషుల మీద ప్రయోగం మొదలుపెట్టడానికి పెట్టుబడి కావాలి. అప్పటికి ఆ మందుకు పేరు కూడా లేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక నంబరు. ప్రయోగాలన్నీ దాటి అమ్మకానికి వచ్చే ముందు మాత్రమే మందుకు పేరు పెడతారు.

నేను చెయ్యవలసింది ఆ టార్గెట్ ఉన్న రోగులు దేశంలో ఎంతమంది ఉన్నారో అంచనా కట్టడం. ఊరివారీగా పట్టిక వేసుకున్నాను. ఏ ఊళ్ళో ఆ పరీక్ష చేస్తారో ఆ ఊరి పక్కన ఒక సంఖ్య వస్తుంది. పరీక్ష చెయ్యని ఊరి పక్కన సున్నా వెయ్యాలి. ఇది మా ఆఫీసు పద్ధతి. పరీక్ష జరగకపోతే టార్గెట్ ఉన్నట్టు తెలియదు, తెలియకపోతే డాక్టరు మందు రాయడు, రాయకపోతే కంపెనీకి అమ్మకం లేదు. కాబట్టి మా లెక్కలో అక్కడ రోగి లేడు. తర్కంలో ఎక్కడా తప్పు లేదు. పట్టిక నిండా సున్నాలు పడ్డాయి. కింద మొత్తం చూస్తే ఎవరూ డబ్బు పెట్టనంత చిన్న సంఖ్య వచ్చింది.

శ్రీధర్ గారు ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదివారు. తర్వాత తెలుగులో అడిగారు.

"మీది ఏ ఊరు మేడమ్?"

బిలాస్‌పూర్ అన్నాను. నాన్న రైల్వే లోకో షెడ్‌లో ఫిట్టర్ అనీ, బొబ్బిలి వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డామనీ చెప్పాను. ఆయన పట్టికలో బిలాస్‌పూర్ వెతుక్కుని దాని మీద పెన్ను ఆనించారు.

"ఇక్కడ సున్నా వేశారు."

"పరీక్ష లేదు కదండీ."

"పరీక్ష లేదు. మనుషులున్నారు కదా" అన్నారు.

కాగితాలు సర్దుకుని టీ తాగకుండా వెళ్ళిపోయారు. నేను పెట్టుబడి వద్దని రాశాను. నా ఒక్క నోట్‌తోనే ఆ ల్యాబ్ మూతపడిందని చెప్పుకుంటే అది కూడా గొప్పలు పోవడమే అవుతుంది, ఇంకా ఇద్దరు ముగ్గురు కూడా వద్దన్నారు. అయితే వాళ్ళు నా పట్టిక చూసే వద్దన్నారని తర్వాత తెలిసింది. మందు ఆగిపోయింది. శ్రీధర్ గారు ఏదో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నారని విన్నాను. ఒకసారి ఫోన్ చెయ్యాలనుకున్నాను, చెయ్యలేదు.

ఆ ఏడాది నా నోట్‌ను జాగ్రత్తగా చేసిన పనికి నమూనాగా కొత్తవాళ్ళకు చూపించారు.

వదిన దగ్గు

మా అమ్మ పోయేసరికి నేను ఎనిమిదో తరగతి. అంతకు ఏడాది ముందే వదిన ఇంట్లోకి వచ్చింది. పేరు నూకరత్నం. పద్దెనిమిదేళ్ళు దాటని పిల్ల, ఊరు కాని ఊరు, నోట హిందీ ముక్క రాదు. నాన్నకీ అన్నయ్యకీ షిఫ్టుల లెక్కన వండేది. షెడ్ నుంచి వచ్చే బొగ్గుతో సిగిడీ అనే కుంపటి అంటించి, ఆ పొగలోనే కూర్చుని నా చేత లెక్కలు చేయించేది. తనకు లెక్కలు రావు. నేను పైకి చెబుతూ చెయ్యాలి, ఎక్కడ తడబడితే అక్కడ ఆపి మళ్ళీ మొదటినుంచి చెప్పమనేది. నేను నాగ్‌పూర్ వెళ్ళి చదువుతానంటే అన్నయ్య వద్దన్నాడు. వదిన మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే నా టికెట్ తెచ్చాడు.

నేను రిటైరవడానికి ఆరేడు నెలల ముందు వదినకు దగ్గు మొదలైంది. ఇక్కడి ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, నీడ ఉందని చెప్పి, టీబీ మందులు మొదలుపెట్టాడు. కఫం పరీక్షలో ఏమీ దొరకలేదు, అయినా మొదలుపెట్టాడు. బొగ్గు బళ్ళ ఊరు, దగ్గు, ఎక్స్‌రేలో నీడ. ఇక్కడ అవి మూడూ కలిస్తే టీబీయే. అన్నయ్య నాకు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

నేనేమన్నానో రాయాలి. రాయకపోతే ఈ కాగితాలు చించెయ్యడం మేలు. ఆరు నెలలు వాడించు అన్నయ్యా, తగ్గిపోతుంది అన్నాను. పొగ తాగని ఆడవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి ఎన్నో పేజీలు రాసినదాన్ని. ఆ టార్గెట్లు ఎక్కువగా అలాంటివాళ్ళలోనే దొరుకుతాయని నా నోట్‌లో నేనే రాసినదాన్ని. ఫోన్‌కు అవతల ఉన్నది ముంబైవాళ్ళో ఢిల్లీవాళ్ళో అయితే వెంటనే స్కాన్ తీయించమనేదాన్ని. బిలాస్‌పూర్ అనేసరికి ఆ ఆలోచనే తట్టలేదు. కాగితం మీద వేసిన సున్నా ఎప్పుడు నా బుర్రలోకి ఎక్కి కూర్చుందో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం అది అక్కడే ఉంది.

ఆరు నెలల తర్వాత నేను సామానుతో ఊరు చేరాను. నన్ను చూడడానికి వదిన మోప్కాకు ఆటోలో వచ్చింది. ఆటో నుంచి గేటు దాకా పది అడుగులు ఉండవు. రెండుచోట్ల ఆగింది. మెడ పక్కన చిన్న ఉబ్బు. నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఏటలా సూస్తావు, మనిషిని ఎప్పుడూ సూడనట్టు అని నవ్వి లోపలికి వచ్చింది.

టార్గెట్

స్కాన్‌లో అనుమానం పడింది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి ముంబైలో పెద్ద ల్యాబ్‌కు పంపించాం. క్యాన్సరే అన్నారు. టార్గెట్ల పరీక్షకు మాత్రం శాంపిల్ చాలదన్నారు. మళ్ళీ సూది గుచ్చి ముక్క తీయాలి. అప్పటికే వదిన వెల్లకిలా పడుకోలేకపోతోంది, ఊపిరాడక కూర్చునే నిద్రపోతోంది. అన్నయ్య వద్దన్నాడు. నేనే పట్టుబట్టి ఒప్పించాను. సూది గుచ్చినప్పుడు వదిన నా వేళ్ళు పట్టుకుంది, నొప్పి అనలేదు.

ఆ రోజుల్లో వదిన ఒకటే మాట అడిగేది, తనకు టార్గెట్ ఉందా అని. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ మందుల కథలు తనకు చెప్పేదాన్ని, అందుకని టార్గెట్ అనే మాట తనకు బాగా తెలుసు. అంతకు ముందు నుంచీ కూడా తెలుసు. అన్నయ్య చేసింది రైల్వే కంట్రోల్ ఆఫీసులో. ఏటా మార్చి వచ్చిందంటే బొగ్గు లోడింగ్ టార్గెట్ అని ఇంటికే రాడు. వదిన క్యారేజీ కట్టి పంపేది.

"మీ అన్నయ్యకి ఏడాదికోపాలి టార్గెట్టొచ్చీది" అంది ఒక మధ్యాహ్నం. "నాకు ఒక్కపాలి వస్తే చాలు."

రిపోర్టు మనీషా ఫోన్‌కు వచ్చింది. అప్పుడది ఇంకా చదువుకుంటోంది, నాన్నమ్మ కాగితాలన్నీ అదే చూసేది. వాళ్ళ నాన్న సీపత్ పవర్ ప్లాంట్‌లో షిఫ్ట్‌లో ఉన్నాడు. మనీషా వరండాలోకి వచ్చి, "చిట్టి దాదీ, రిపోర్ట్ ఆగయా, లేకిన్ లాస్ట్ లైన్ సమఝ్ మే నహీ ఆయా" అని, చివరి వరస అర్థం కాక ఫోన్ నా చేతికిచ్చింది.

వరసగా టార్గెట్ల పేర్లు. ప్రతిదాని ఎదురుగా లేదు, లేదు, లేదు అని ఉంది. మందు సులభంగా దొరికేవన్నీ అవే. చివరి వరసలో ఉన్నది శ్రీధర్ గారి టార్గెట్. దాని ఎదురుగా, తీసిన ముక్క అయిపోయింది, పరీక్షించలేదు అని ఉంది.

నేను దాన్ని మనీషాకు విడమరచి చెప్పాను. ఉందో లేదో ఎవరికీ తెలియదని, ఇక తెలిసే దారి లేదని చెప్పాను. ఒకవేళ ఉన్నా, విదేశాల్లో ఇంకెవరో తయారుచేసిన మందు ఉంది గాని మా ఇళ్ళు రెండూ అమ్మినా కొద్ది నెలలకు మించి రాదు. మూడోసారి సూదికి డాక్టరు ఒప్పుకోలేదు. నాన్నమ్మకు చెప్పొద్దు అని మనీషా ఏడ్చింది. అప్పటికి నేను దానికి శ్రీధర్ గారి సంగతి చెప్పలేదు.

లోపలికి వెళితే వదిన మంచం మీద దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఉన్నాదేటి చిట్టీ, నాకు టార్గెట్టు?"

"ఉంది వదినా" అన్నాను. "చాలా తక్కువమందికి ఉండేది నీకు ఉంది. మందు బయటి దేశం నుంచి రావాలి. రాశాం. వస్తుంది."

అబద్ధం ఆడేటప్పుడు నాకు తోచిన మందు శ్రీధర్ గారిదే. మాత్ర రంగు, రోజుకు ఎన్ని, ఎలా వేసుకోవాలి, అన్నీ ఆయన కాగితాల్లో చదివినవే చెప్పాను. అంత వివరంగా చెబితే ఎవరైనా నమ్ముతారు. దయతో చెప్పానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది దయ కాదు. ఆ గదిలో లేదు అనే మాట చెప్పి, తర్వాత ఆ మొహం చూస్తూ కూర్చునే ధైర్యం నాకు లేక చెప్పాను.

వదిన ఆనందం చూడాలి. వీధిలో అందరికీ చెప్పింది. పాలు తెచ్చే ఆవిడను కూర్చోబెట్టి వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో చెప్పింది. తనకు టార్గెట్టు ఉందనీ, మందు విమానంలో వస్తోందనీ. జనం వచ్చి చెయ్యి పట్టుకుని వెళ్ళేవారు. అన్నయ్య నిజం తెలిసి కూడా తల ఊపుతూ పక్కన నిలబడేవాడు.

వదినకు బొబ్బిలిలో ఒక చెల్లెలు ఉంది, లక్ష్మి. ఇద్దరూ కలుసుకుని నాలుగేళ్ళయింది. జబ్బు సంగతి తెలిసిన వారమే అన్నయ్య రైల్వే పాస్ రాయించి, విశాఖ వెళ్ళే బండిలో కింది బెర్తులు రెండు తీసి పెట్టాడు. డాక్టరు కూడా సరేనన్నాడు. ఇప్పుడు వెళ్ళగలరు, తర్వాత చెప్పలేను అన్నాడు. ప్రయాణం ఇంకా నాలుగు రోజులు ఉందనగా వదిన రానంది.

"మందొచ్చే టయానికి నేనింట్లో లేకపోతే ఎలాగ? సంతకం పెట్టమంటే ఎవలు పెడతారు? వొచ్చీసాక ఎల్తాను. లక్ష్మి ఎక్కడికి పోతాది."

నేను సంతకం పెడతాను, నువ్వు వెళ్ళు అన్నాను. అన్నయ్య బతిమాలాడు. ఇంకొకరి చేతికి ఇస్తే మందు మారిపోతుందని పట్టు పట్టింది. నేను నిజం చెప్పవలసింది ఆ గంటలోనే. మందు లేదు వదినా, చెల్లెల్ని చూసి రా అని చెప్పి ఉంటే, తిట్టేది, ఏడ్చేది, బండి ఎక్కేది. నోటిదాకా వచ్చింది. మింగేశాను. అన్నయ్య బెర్తులు రద్దు చేయించాడు.

అన్నయ్య మళ్ళీ బెర్తులు తీసిన తేదీ నాటికి వదిన కూర్చోలేకపోయింది. గేటు చప్పుడయినప్పుడల్లా తల తిప్పి చూసేది. పార్సిలా అని అడిగేది, కాదంటే కళ్ళు మూసుకునేది. అలా పందొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు పొద్దున్న, అన్నయ్య టీ పట్టుకుని వెళ్ళేసరికి అయిపోయింది. దిండు గలేబులో పాస్ మడతపెట్టి ఉంది. మందు వచ్చాక వాడుకోవచ్చని దాచుకుంది.

పేరు

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు సలహా చెప్పమంటే నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఏ రకం మందు మీద డబ్బు పెట్టాలో నాకంటే మీకే బాగా తెలుస్తుంది. సున్నా వెయ్యకండి అని చెప్పాలని ఉంది. అలా చెప్పినా మీకు పట్టిక ఇచ్చినవాళ్ళు అక్కడ సున్నాయే అడుగుతారు. నేను ఎదురు చెప్పి ఉంటే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుని వేసేవారు. ఈ మాట నాకు ఓదార్పు అవుతుందని చాలా రోజులు ఎదురుచూశాను. అవలేదు.

మనుషులున్న చోట లేరని రాశాను. మందు లేని చోట ఉందని చెప్పాను. మొదటిది ఉద్యోగం కోసం, రెండోది ప్రేమతో అని విడదీసి చూసుకోవాలని ప్రయత్నించాను. రెండూ ఒకే మనిషి చేసిన పనులు, ఎదుటి మనిషిని సూటిగా చూడలేక చేసినవి. వదిన రిపోర్టులో ఆ చివరి వరస తేలకుండానే ఉండిపోయింది. ఉంది అని తేలి ఉంటే నా పాపం ఎంతో నాకు తెలిసేది. లేదని తేలి ఉంటే కొంచెం ఊపిరి పీల్చుకునేదాన్ని. రెండూ దక్కలేదు.

వదిన పోయిన మర్నాడు లక్ష్మి వదిన దిగింది (ఆవిడనూ వదిన అనే పిలుస్తాను), తన అక్క ఎక్కవలసిన బండే తిరుగు దారిలో వస్తే ఎక్కి. అప్పటికి అన్నీ జరిగిపోయాయి. ఇంట్లోకి రాకుండా గుమ్మం పక్కన అరుగు మీద సంచీ పెట్టి అక్కడే కూర్చుంది. నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. మనీషా తలుపు దగ్గర నిలబడి ఉంది.

"వస్తానంది" అంది లక్ష్మి వదిన. "బెర్తు కూడా తీసినామని ఫోన్లో సెప్పింది. మందొస్తాదని ఆగింది. ఏటా మందు? పేరేటి?"

ఎన్నో మందుల పేర్లు నాకు నోటికి వచ్చు. వాటిలో ఏదో ఒకటి చెప్పెయ్యవచ్చు, ఆవిడకు తేడా తెలియదు. ఇంకొక అబద్ధం ఆడడానికి నాకు ఓపిక లేకపోయింది.

"దానికి పేరు పెట్టలేదు వదినా. పెట్టకముందే ఆపేశారు."

"ఎవలు ఆపీసినారు?"

మనీషా నా వైపు చూసింది.

"నేనే" అన్నాను.

లక్ష్మి వదిన నా మొహంలోకి చూసింది. దుఃఖంలో ఏదో అంటున్నాననుకుంది. గ్లాసు పక్కన పెట్టి, నా తల తన భుజం మీదికి లాక్కుని, వీపు నిమరడం మొదలుపెట్టింది.

"ఊరుకో తల్లీ" అంది. "నువ్వేటి సేస్తావు."